పెట్టె లేచింది గని

రాత్రి మూడున్నరకు గాలిదుమారం.
బాదేపల్లి మార్కెట్ యార్డుల కరెంటు పోయింది,
నాలుగింటికి వచ్చింది.
నడుమ ఆ అరగంట మోసే బలం
ముసలి ఇన్వర్టర్‌కు లేదు.

ఐదింటికి పాలమూరుల
నా తలాపున ఫోన్ మోగింది.
వాచ్‌మన్ సైదులు:
"మేడం, పెట్టె లేచింది గని
పని లేస్తలేదు."

పచ్చ లైటు వెలుగుతుందట, ఫ్యాను తిరుగుతుందట,
తెర మీద తేదీ సక్కగనే ఉందట.
కాంటా మీద బస్తా పెడితే మాత్రం
చిట్టీ వస్తలేదట.

మొదటి బస్సు ఎక్కిన.
తొవ్వ పొడుగూతా పల్లికాయ ట్రాలీలు
నాకంటే ముందుగనే పోతున్నయి.

దడ్వాయి ఖాజామియా చేతులు కట్టుకొని
కాంటా పక్కన నిలబడ్డడు.
నవాబుపేట రైతు ఒకాయన
బస్తా మీద కూసొని నన్ను జూసిండు.
ఏమీ అనలే.
అంటే బాగుండు.

ఒక్క మాట కొట్టిన: స్టార్ట్.
ప్రింటర్ దగ్గింది.
నలభై రెండు కిలోల మూడొందల గ్రాములు.
పనిమంతురాలన్నరు అందరు.

నా తప్పు నాకు తెలుసు.
ఇయ్యాల లేపుడు వేరు,
రోజూ దానంతటదే లేచేటట్టు
రాసిపెట్టుడు వేరు.
పోయిన యేడు మొదటిది చేసి
రెండోది మరిచి
ఇంటికి పోయి నిద్రపోయిన.

ఆ పగలే రాసిన,
పదకొండు లైన్ల చిన్న ఫైలు.
పేరు: కాంటా.
ఎవరి తర్వాత లేవాలె?
నెట్‌వర్క్ తర్వాత, డేటాబేస్ తర్వాత.
పడితే?
ఐదు సెకన్లు ఆగి మళ్ల లేవాలె.
ఎవరి పేరు మీద?
రూట్ కాదు, అంత పెత్తనం దానికొద్దు.
ఆఖరుకు ఎనేబుల్.

"ఏం రాస్తున్నవు?" సైదులు నా వెనకాల.
కనబడకుంట లోపల పనిజేసేది,
దాన్ని డీమన్ అంటరు అని చెప్పిన.
"దీమానా, మంచిదే" అన్నడు.
దిద్దబోయి
ఊకున్న.

యార్డు ఖాళీ అయినంక
తీగ పీకినం. మళ్ల పెట్టినం.
డేటాబేస్ లేచిన అన్నది గని
ఇంకా కండ్లు నలుపుకుంటనే ఉంది.
కాంటా పోయి తలుపు కొట్టింది.
జవాబు లేదు. కూలబడ్డది.
ఐదు సెకన్లు.
మళ్ల కొట్టింది, మళ్ల పడ్డది.
సైదులు బీడీ ముట్టియ్యబోయి ఆగిండు.
మూడోసారికి
ప్రింటర్ దగ్గింది.

ఆ వానకాలం నాకు ఒక్క ఫోన్ రాలే.
దసరా ముంగట లాగ్ తెరిచిన:
పదిహేడు సార్లు పడ్డది,
పదిహేడు సార్లు లేచింది,
ఒక్క రాత్రే మూడు సార్లు.
చదువుకుంట కూసున్న,
పక్కింటోళ్ల తిప్పలు
గోడ అవతలి నుంచి విన్నట్టు.

ఇంకొకటి చెప్పాలె.
హమాలీల గోళెంల నీళ్లు పోసేది జంగమ్మ.
ఆ సంగతి నాకు నిన్నటిదాక తెల్వదు.
నిన్న గోళెం ఎండింది.

"చికున్‌గున్యా అట,
మోకాళ్లు వంగుతలేవట."
ఎన్నేండ్ల సంది పోస్తుంది?
"నేను రాకముందు నుంచే."
ఎవరు చెప్పిండ్రు పొయ్యమని?
సైదులు నన్ను వింతగ జూసిండు.
"ఎవరు జెప్తరు?"

జీతం రిజిస్టరు తిరిగేసిన.
ఊడ్చేటోళ్లున్నరు, గేటు కాడోళ్లున్నరు,
ఆమె పేరు లేదు.
ఆమె పడితే
ఐదు సెకన్లకు లేపే లైను
ఎక్కడ రాయాలెనో నాకు తెల్వలే.

బకీటు పట్టుకొని బోరింగు కాడికి పోయిన.
రెండు బకీట్లకే నడుం పట్టింది.
గోళెం నిండాలంటే ఇరవై రెండట,
ఖాజామియా లెక్క.

ఐదో బకీటు మోస్తుంటే
లోపలి నుంచి ప్రింటర్ దగ్గు వినబడ్డది.
ఎవరిదో బస్తా తూగింది,
నేను లేకుంటనే.